మీ పిల్లల ఆట ఎప్పుడైనా చూశారా?

పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని ఆస్పత్రికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ప్రోగ్రెస్ కార్డు కూడా పట్టుకొస్తారు. "లెక్కల్లో పద్దెనిమిదండీ, సోషల్లో ఇరవై రెండండీ" అని నాకు ఒప్పజెప్తారు. ట్యూషను మాష్టారికి నెలకెంత ఇస్తున్నారో చెప్తారు. పొద్దున పాలల్లో ఏ పొడి కలిపి ఇస్తున్నారో, అది ఎన్ని డబ్బాలు అయిందో కూడా చెప్తారు. అంతా విన్నాక నేనొక ప్రశ్న వేస్తాను. "మీవాడు ఏం ఆటలు ఆడతాడు?"

అప్పుడు భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ఆటలేమిటండీ, ఎప్పుడు చూసినా ఆ ఫోనేనండి" అంటాడు తండ్రి. "లేదండీ, సాయంత్రంపూట వాళ్ళ మామ్మతో గవ్వలేవో ఆడుతుంటాడు" అంటుంది తల్లి. "ఓడిపోతే ఏం చేస్తాడు?" అన్నది నా రెండో ప్రశ్న. దీనికి జవాబు సాధారణంగా మామ్మ దగ్గరే ఉంటుంది. ఆవిడ ఇంటి దగ్గర ఉంటుంది. ఆస్పత్రికి తీసుకురారు.

ఇది కాలక్షేపానికి అడిగే ప్రశ్న కాదు. జ్వరం ఎంతుందో థర్మామీటరు చెప్తుంది. రక్తం ఎంతుందో పరీక్ష చెప్తుంది. పిల్లవాడు ఎలాంటివాడో, దేనికి జంకుతాడో, ఏది వాడికి కష్టంగా ఉందో చెప్పే సాధనం మా దగ్గర ఉన్నవాటిలో ఆటను మించింది లేదు. ఎందుకంటే, పరీక్ష అని తెలిస్తే పిల్లలు బిగుసుకుపోతారు. మాష్టారు అడిగితే మాష్టారికి నచ్చే జవాబు వెతుక్కుంటారు. డాక్టరు అడిగితే అమ్మ మొహంలోకి చూస్తారు. గవ్వలు చేతికిచ్చి "పడు" అంటే మాత్రం అయిదు నిమిషాల్లో వాళ్ళు వాళ్ళయిపోతారు.

నా బల్ల సొరుగులో స్టెతస్కోపు పక్కనే నాలుగు గవ్వలు, ఒక డబ్బాలో చింతపిక్కలు, గాజుముక్కలు ఉంటాయి. బీరువా మీద మా అమ్మ వాడిన వామనగుంటల పీట ఉంటుంది. వానాకాలం ఓ.పీ. పల్చగా ఉన్న రోజున ఆ పీట కిందికి దిగుతుంది. మా నర్సమ్మగారికి ఇది మొదట్లో నచ్చేది కాదు. ఇప్పుడు పిల్లలు ఏడుస్తుంటే ఆవిడే తెచ్చి పరుస్తోంది.

వామనగుంటలు మీకు తెలియనివి కావు. వరసకు ఏడు చొప్పున రెండు వరసలు, పధ్నాలుగు గుంటలు. గుంటకు అయిదేసి పిక్కలు పోస్తాను. ఒక గుంటలోవి తీసి ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి. ఎక్కడ చెయ్యి ఖాళీ అవుతుందో అక్కడే లాభనష్టాలు తేలతాయి. ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో కొందరు తీసే ముందే కళ్ళతో లెక్కపెట్టుకుంటారు. పెదవులు కదుల్తుంటాయి, వేలు గాలిలో గుంటగుంటకీ తిరుగుతుంది. కొందరు చేతికందిన గుప్పెడు తీసేసి, తర్వాత ఏం జరుగుతుందో చూద్దాం అన్నట్టు పంచేస్తారు. ఒకరు తప్పు గుంటలో వేసి, "అయ్యో, ఇది ఇక్కడ కదండీ" అని తామే దిద్దుకుంటారు. మరొకరు నేను చూశానేమోనని నా వంక చూస్తారు. లెక్కల్లో పద్దెనిమిది వచ్చిన కుర్రాడు ఇక్కడ నన్ను రెండుసార్లు ఓడించిన సందర్భాలున్నాయి. అంటే వాడికి లెక్క వచ్చు. కాగితం మీద, గంట కొడతారన్న భయంలో రావడం లేదు. ఆ తండ్రికి నేను ట్యూషను మాన్పించమనే చెప్పాను.

పులి-మేక మరో రకం ఆట. పులులు మూడే, మేకలు పదిహేను. పులి గెంతి మేకను తినేస్తుంది. మేకలకు ఆ బలం లేదు. అవి ఒకదానికొకటి ఆనుకుని నడిస్తేనే పులికి దారి మూసుకుపోతుంది. "నీకేం కావాలి?" అని అడిగితే, పులి పులి అని ఎగిరేవాళ్ళే ఎక్కువ. మేకలు కావాలనే పిల్లలు అరుదు, వాళ్ళను కాస్త ఎక్కువసేపు ఆడిస్తాను. నెమ్మదిగా, ఒక్క మాట లేకుండా నా మూడు పులుల్నీ కట్టేసిన తొమ్మిదేళ్ళ పిల్ల నాకు జ్ఞాపకం. ఆ పిల్లను వాళ్ళమ్మ తీసుకొచ్చింది దేనికంటే, "దీనికి చురుకుదనం లేదండి, టానిక్కేమన్నా రాయండి" అని.

ఇంతవరకూ చదివి, మీరు ఇవాళే మీ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, వీడు తొందరపాటువాడు, ఇది మొండిది అని తీర్పులు రాసేస్తారేమోనని నాకు భయంగా ఉంది. అలా రాసి నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను.

పాతికేళ్ళ కిందటి మాట. ఎనిమిదేళ్ళ కుర్రవాణ్ణి వాళ్ళమ్మ తీసుకొచ్చింది. జబ్బేమీ లేదు. "తొండి ఆడతాడండి, ఇంటా బయటా ఇదే గొడవ" అంది. అష్టాచెమ్మా ఆడుతూ వాళ్ళన్నయ్య పావులు తనవంటాడట. కాదంటే ఏడుపు, ఆపైన కొట్లాట. వీధిలో పిల్లలు వాణ్ణి రానివ్వడం మానేశారు. బళ్ళో కూడా పక్కవాడి క్రేయాన్ తీసుకున్నాడని మాష్టారు బెంచీ ఎక్కించారు. "ఇప్పుడే ఇలా ఉంటే పెద్దయ్యాక ఏమవుతాడండి?" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కుర్ర డాక్టర్ని. పిల్లల మనస్తత్వం మీద రెండు పుస్తకాలు కొత్తగా చదివి ఉన్నాను. వాణ్ణి ఎదురుగా నిలబెట్టి నిజాయితీ గురించి పది నిమిషాలు ఉపన్యాసమిచ్చాను. తల్లికి, చిన్నకొడుకు మీద గారాబం తగ్గించమని సలహా చెప్పాను. వాడు తలొంచుకుని విన్నాడు. ఒక్కసారి మాత్రం, "నావే అనుకున్నానండి" అన్నాడు. అబద్ధమాడుతున్నాడనుకున్నాను.

ఆరు నెలల తర్వాత అదే కుర్రాడు దెబ్బ తగిలించుకుని కట్టుకోసం వచ్చాడు. వరండాలో మరో పిల్లవాడితో అష్టాచెమ్మా వేసుకుని కూర్చున్నాడు. నేలమీద సుద్దముక్కతో గీసిన అయిదు అయిదుల ఇరవై అయిదు గళ్ళు, పావులకి గాజుముక్కలు. వీడివి ముదురు ఆకుపచ్చవి, అవతలివాడివి ముదురు ఎరుపువి. వీడికి చెమ్మా పడింది. చెయ్యి చాపి ఎర్రముక్క పట్టుకున్నాడు. కాసేపు దాన్నీ, పక్కదాన్నీ వెలుతురుకి ఎత్తి చూశాడు. తర్వాత చాలా జాగ్రత్తగా, దొంగతనం ఏ కోశానా లేని మొహంతో, ఎర్రముక్కనే నాలుగు గళ్ళు నడిపాడు.

తొండి ఆడేవాడు అలా వెలుతురుకి ఎత్తి చూడడు. అప్పటికి గాని నా బుర్రలో దీపం వెలగలేదు. లోపలికి తీసుకెళ్ళి ఇషిహారా పుస్తకం విప్పాను. రంగురంగుల చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే పుస్తకం అది. జపానులో షినోబు ఇషిహారా అనే కంటి డాక్టరు 1917లో తయారుచేశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాడుతున్నాం. మొదటి పేజీలో పన్నెండు చెప్పాడు. ఆ పేజీలో అంకె అందరికీ కనిపిస్తుంది. ఆ తర్వాత పేజీల్లో చాలావాటిలో "ఏం లేదండి, చుక్కలేనండి" అన్నాడు. వాడికి ఎరుపూ ఆకుపచ్చా తేడా సరిగా తెలియదు. వర్ణాంధత. తల్లిని అడిగితే, "ఆయ్, మా నాన్నగారికీ పచ్చిమిరపకాయలేవో పండుమిరపకాయలేవో తెలిసేది కాదండి. మేమంతా నవ్వేవాళ్ళం" అంది. ఇది ఎక్కువగా తల్లి వైపు తాత నుంచి తల్లి ద్వారా మనవడికి వస్తుంది. తల్లికి మాత్రం రంగులన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే మగపిల్లల్లో ఎక్కువ. ఐరోపా జాతుల మగవాళ్ళలో నూటికి సుమారు ఎనిమిది మందికి ఉంటుంది. మన దేశంలో అంతకంటే తక్కువ. మందు లేదు. ప్రాణానికి ముప్పూ లేదు.

నన్ను ఇప్పటికీ బాధించే విషయం ఏమిటంటే, ఆ పుస్తకం ఆరు నెలల ముందు కూడా నా బీరువాలోనే ఉంది. ఉద్యోగాల సర్టిఫికెట్లకు వచ్చేవాళ్ళకు రోజూ చూపించేవాణ్ణి. "నావే అనుకున్నానండి" అన్న కుర్రవాడికి చూపించాలని తోచలేదు. ఎందుకు తోచలేదంటే, వాడి గుణం ఏమిటో నేను అప్పటికే తేల్చేసుకున్నాను.

కనుక గుణం పేరు పెట్టే ముందు కన్ను, చెవి, గుండె, మెదడు ఒకసారి చూసుకోవాలి. ఆ పని కూడా ఆటలోనే సగం జరుగుతుంది.

మన ఆటల్లో అరటిపండు అని ఒక హోదా ఉంది కదా. మరీ చిన్నవాళ్ళనో, ఆడలేనివాళ్ళనో ఏడిపించకుండా ఆటలో కలుపుకుంటారు గాని లెక్కలో ఉండరు. నాలుగేళ్ళ పిల్ల అరటిపండు అయితే ముచ్చటే. ఏడేళ్ళు దాటిన పిల్లను తోటి ఈడువాళ్ళు రోజూ అరటిపండుగానే ఉంచుతున్నారంటే, పెద్దవాళ్ళు కనిపెట్టనిదేదో ఆ పిల్లలు కనిపెట్టారన్నమాట. అలా వచ్చిన ఒక పిల్ల నాలుగుస్తంభాలాటలో ఎప్పుడూ ఆఖరున పరుగెత్తేది. మందకొడి అని ఇంట్లోవాళ్ళ అభిప్రాయం. నాతో ఆడుతున్నంతసేపూ నా నోటి వంకే చూసింది. వెనక్కి తిరిగి పిక్కలు ఏరుతున్నప్పుడు పేరు పెట్టి మెల్లగా పిలిచాను, పలకలేదు. జలుబులు పదేపదే చేసి, రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరింది. పిల్లల్లో ఇది చాలా మామూలు. చాలామందికి మూడు నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే చెవి డాక్టరు సన్నని గొట్టం అమర్చి నీటిని బయటికి పంపే ఏర్పాటు చేస్తారు. ఆ పిల్లకు అదే చేయించాం. మందకొడితనం అక్కడితో పోయింది.

మరొక పిల్లకు పరధ్యానమని పేరు. గవ్వలు గుప్పిట్లో ఆడిస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేది. కళ్ళు తెరిచే ఉంటాయి, రెప్పలు కాస్త కొట్టుకుంటాయి. పది సెకన్లలో మళ్ళీ ఏమీ జరగనట్టు గవ్వలు విసిరేది. కాని ఎవరి వంతో మరిచిపోయేది. రోజుకి పది ఇరవైసార్లు. ఇది పగటికలలు కనడం కాదు. మూర్ఛల్లో ఇదొక రకం. కిందపడటం, నురగ రావడం ఉండవు కనుక ఎవరూ మూర్ఛ అనుకోరు. కొబ్బరాకుతో పిల్లలు చేసుకునే గిరగిర తిరిగే పంకా ఒకటి ఇచ్చి, ఆపకుండా ఊదమన్నాను. గట్టిగా ఊపిరి తీసి వదులుతూ ఉంటే ఈ రకం మూర్ఛ బయటపడుతుంది. రెండు నిమిషాలు కాకముందే పంకా ఆగింది, పిల్ల చూపూ ఆగింది. (ఇది డాక్టరు ఎదుట చేయవలసిన పరీక్ష. ఇంట్లో ప్రయోగించకండి.) ఈ.ఈ.జీ. తీయించి మందు మొదలుపెట్టాం. దీనికి మంచి మందులున్నాయి.

తొక్కుడుబిళ్ళ రెండు గళ్ళు గెంతేసరికి రొప్పుతూ గోడ పట్టుకునే పిల్లను సోమరి అనకండి, రక్తం చూపించండి. పరుగు మధ్యలో పదేపదే గొంతుకు కూర్చునిపోయి, పెదవులు నీలంగా మారే పిల్లవాడుంటే ఇంకేమీ ఆలోచించకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పుట్టుకతో గుండెలో రంధ్రం, దానికి తోడు ఊపిరితిత్తులకు వెళ్ళే దారి ఇరుకు ఉన్న పిల్లలు అలా కూర్చుంటారు. ఆ భంగిమలో ప్రాణం కాస్త నెమ్మదిస్తుందని వాళ్ళ ఒంటికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఇవన్నీ చూసి, శరీరం బాగానే ఉందని తేలాక, అప్పుడు స్వభావం సంగతి.

న్యూయార్కులో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు 1956లో ఒక పని మొదలుపెట్టారు. పసికందులుగా ఉన్నప్పటి నుంచి 133 మందిని ఏళ్ళ తరబడి గమనిస్తూ పోయారు. వాళ్ళు తేల్చింది ఇది: నూటికి నలభై మంది పిల్లలు దేనికైనా ఇట్టే సర్దుకుపోతారు. పది మంది ప్రతిదానికీ పేచీ పెడతారు. పదిహేను మంది మొదట వెనక్కి జరిగి, చూసి చూసి, నిదానంగా కలుస్తారు. మిగిలినవాళ్ళు అన్నీ కాస్త కాస్తగా ఉంటారు. ఆటలో చేరకుండా అరుగు మీద కూర్చుని పావుగంట చూసేవాడు ఈ పదిహేను మందిలోవాడు కావచ్చు. వాణ్ణి చెయ్యిపట్టి మధ్యలోకి లాగితే ఏడుస్తాడు. ఊరుకుంటే ఇరవయ్యో నిమిషాన తనే దిగుతాడు. ఈ దంపతులు చెప్పిన ముఖ్యమైన మాట ఇంకొకటుంది. పిల్లవాడి తత్వం మంచిదా చెడ్డదా అని చూడటం కంటే, ఆ తత్వానికీ ఇంట్లో పెద్దవాళ్ళ తీరుకీ పొత్తు కుదిరిందా లేదా అని చూడాలట. నిదానస్థుడైన కొడుకూ, అన్నిటికీ తొందరపడే తండ్రీ నా దగ్గరికి తరచు వస్తుంటారు. మందు ఎవరికి రాయాలో నాకు తోచదు.

వయసు కూడా చూడాలి. స్విట్జర్లాండులో జ్యాఁ పియాజే అనే ఆయన పిల్లల మధ్య కూర్చుని, "నాకీ ఆట రాదు, నేర్పండి" అని గోళీలాట నేర్పించుకున్నాడు. 1932లో వచ్చిన ఆయన పుస్తకంలో ఆ సంగతులన్నీ ఉన్నాయి. నాలుగైదేళ్ళవాళ్ళు ఒకేచోట ఆడుతున్నా ఎవరి ఆట వారిదేనట. అందరూ ఒకేసారి గెలిచేస్తారట. ఏడెనిమిదేళ్ళకు గెలుపూ ఓటమీ, రూలూ పట్టుకుంటారు. పదకొండు పన్నెండేళ్ళకు వచ్చేసరికి, అందరం ఒప్పుకుంటే రూలు మార్చుకోవచ్చునని తెలుసుకుంటారు. ఇది మనకు ఎంతో ఊరట కలిగించే విషయం. మీ అయిదేళ్ళ చంటివాడు వైకుంఠపాళిలో పాము నోట పడి, పడలేదని వాదిస్తే అబద్ధాలకోరు అవుతాడని బెంగపెట్టుకోనక్కరలేదు. పన్నెండేళ్ళవాడు రోజూ అదే పని చేస్తుంటే మాత్రం, ఓడిపోతే ఇంట్లో ఏమంటారని అంత భయపడుతున్నాడో మీరొకసారి ఆలోచించుకోండి.

"నాకు రాదు, నేర్పు" అన్న ఆ మాట మీరూ వాడి చూడండి. పిల్లవాడు గురువైపోతాడు. ఓపిక ఉందా, ఎదుటివాడికి అర్థమయ్యేలా చెప్పగలడా, మీరు తప్పు చేస్తే విసుక్కుంటాడా, అచ్చం మీరు వాణ్ణి విసుక్కునే మాటలతోనే విసుక్కుంటాడా, అంతా బయటపడుతుంది. ఆఖరిది వినడానికి కాస్త ధైర్యం కావాలి.

ఆట ఒక్కోసారి పిల్లలు నోటితో చెప్పలేనిది చెప్తుంది. 1996 నవంబరు 6న కోనసీమను తుఫాను ముంచేసిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. వెయ్యిమందికి పైగా పోయారు. వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. నేను అప్పుడే ఉద్యోగంలో చేరి, వైద్యశిబిరాల్లో తిరుగుతున్నాను. ఒక శిబిరం పక్కన ఆరేళ్ళ పిల్ల తడి ఇసకలో ఈనెపుల్లలతో ఇల్లు కట్టేది. కట్టి, ఒక కొబ్బరిమట్ట తెచ్చి ఊడ్చేసేది. మళ్ళీ కట్టేది. తుఫాను ఆట అక్కడి పిల్లలంతా ఆడారు. కాని మిగతావాళ్ళ ఆట రోజురోజుకీ మారింది. ఒకరోజు పడవ వచ్చింది, ఒకరోజు హెలికాప్టరు వచ్చి పులిహోర పొట్లాలు పడేసింది, నవ్వులు కూడా వచ్చాయి. ఈ పిల్ల ఆట మారలేదు. నవ్వు లేదు, ఎవరూ బతకరు. నేను విటమిను సిరప్ ఇచ్చి వచ్చేశాను.

తర్వాత చాలాకాలానికి చదివాను. అమెరికాలో చౌచిల్లా అనే ఊళ్ళో 1976లో బడిబస్సుతో సహా 26 మంది పిల్లల్ని దుండగులు ఎత్తుకుపోయి భూమిలో పాతిన వాహనంలో ఉంచారు. పిల్లలంతా బతికి బయటపడ్డారు. లెనోర్ టెర్ అనే మానసిక వైద్యురాలు తర్వాత వాళ్ళను పరిశీలించి, ఇలా మార్పూ సంతోషమూ లేకుండా తిరిగి తిరిగి అదే ఆడే ఆట గురించి వివరంగా రాసింది. అలాంటి ఆట ఆడే పిల్లకు కావలసింది సిరప్ కాదు. పక్కన నెమ్మదిగా కూర్చుని, ఆ ఆటలోకి మెల్లగా ఒక మనిషినో పడవనో తేగలిగే పెద్దవాళ్ళు, అవసరమైతే మానసిక వైద్యులు కావాలి. 2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చి లంకలన్నీ మునిగినప్పుడు, పునరావాస కేంద్రానికి వెళ్ళి నేను మొదట చేసిన పని పిల్లల దగ్గర చతికిలబడటం. ఒక కుర్రాడు చెప్పులను పడవలు చేసి, వాళ్ళ మావయ్య చేత మేకల్ని దాటిస్తున్నాడు. రెండో రోజుకి కోళ్ళు కూడా దాటాయి. వాడి గురించి నాకు దిగులు తీరింది.

ఈమధ్య పిల్లల వేలిముద్రలు తీసుకుని, వీడు ఇంజనీరవుతాడు, ఇది సంగీతానికి పనికొస్తుంది అని రంగుల కాగితాల మీద రిపోర్టులిచ్చే వ్యాపారం చిన్న ఊళ్ళదాకా వచ్చింది. వేలకు వేలు తీసుకుంటున్నారు. వేలి మీద గీతలు తల్లి కడుపులో నాలుగైదు నెలలకే ఏర్పడిపోతాయి. వాటినిబట్టి తెలివినీ అభిరుచినీ చెప్పడానికి శాస్త్రీయమైన ఆధారం ఏమీ లేదు. ఆ డబ్బుతో పిల్లవాడికి సైకిలు కొనండి. అలాగే "మీవాడు చూసి నేర్చుకునే రకం, మీ అమ్మాయి విని నేర్చుకునే రకం" అని కొందరు విడదీసి చెప్తుంటారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు 2008లో ఈ వాదం మీద జరిగిన పరిశోధనలను వడగట్టి చూసి, ఆ విభజననుబట్టి పాఠం చెప్తే లాభముందనడానికి తగిన రుజువు లేదన్నారు. ఫోనులో చదువుల ఆటలు ఆడించి, చివర్లో పిల్లవాడి వ్యక్తిత్వం ఇదీ అని చెప్పేవీ ఉన్నాయి. ఫోను ఎన్ని నొక్కాడో లెక్కపెట్టగలదు. ఓడినప్పుడు కింది పెదవి వణికిందో లేదో దానికి తెలియదు. అయిదేళ్ళలోపు పిల్లలకు అసలు ఏ తెరైనా రోజుకు గంట దాటకూడదనీ, రెండేళ్ళలోపు వాళ్ళకు బొత్తిగా వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది.

ఇంట్లో ఎలా చూడాలి అంటారా? చూస్తున్నట్టు తెలియకుండా చూడండి. మీరు వత్తులు చేసుకుంటూనో, కూర తరుగుతూనో ఉండండి. ఒక్క ఆటతో ఏమీ తేల్చకండి. మామ్మతో ఆడేటప్పుడు ఒకలా, అన్నతో ఒకలా, వీధిలో మరొకలా ఉంటాడు. మూడుచోట్లా ఒకే తీరు కనిపిస్తేనే అది వాడి తీరు. ఇంట్లో మాత్రమే కనిపించేది ఇంటి తీరు కావచ్చు. నిలకడలేనితనం జబ్బు అనడానికి మేము కూడా అది ఇంటా బడిలో రెండుచోట్లా ఉందా, కనీసం ఆరు నెలలుగా ఉందా, పన్నెండేళ్ళలోపే మొదలయిందా అని చూస్తాం. రాసుకునే అలవాటుంటే, "కోపిష్ఠి" అని రాయకండి, "ఓడిపోయి గవ్వలు విసిరేశాడు, తర్వాత తనే ఏరాడు" అని రాయండి. రెండో వాక్యంలో ఉన్న మంచి మొదటి మాటలో లేదు. ప్రతిసారీ మీరు కావాలని ఓడిపోకండి, పిల్లలు పసిగట్టేస్తారు. అలాగని అరవై ఏళ్ళ అనుభవమంతా చూపి ఆరేళ్ళవాణ్ణి చిత్తు చేసే తాతయ్యలూ ఉన్నారు, వారికి వేరే వ్యాసం రాయాలి.

2023 ఆసియా క్రీడల్లో మన అమలాపురం అబ్బాయి సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్‌లో బంగారు పతకం గెలిచాక, ఊళ్ళో చాలామంది తండ్రులు కొడుకుల చేత బ్యాటు పట్టించారు. సంతోషం. మీరు గట్టు మీద నిలబడి పాయింట్లు లెక్కపెట్టడం కాసేపు ఆపి, జోడీవాడు షాట్ చెడగొట్టినప్పుడు మీవాడు ఏమంటున్నాడో వినండి. పతకం సంగతి తర్వాత.

కొన్ని గుర్తులుంటే మాత్రం ఆటగా తీసుకోవద్దు. ఏడాదిన్నర నిండినా తనకు కావలసింది వేలితో చూపించని పిల్ల, పేరు పెట్టి పిలిస్తే తిరగని పిల్ల, రెండున్నరేళ్ళు దాటినా బొమ్మకు ఉగ్గు పెట్టినట్టు, ఫోను మాట్లాడినట్టు ఉత్తుత్తి ఆట ఆడని పిల్ల, బండిబొమ్మను నడపకుండా గంటల తరబడి చక్రమే తిప్పుతూ కూర్చునే పిల్ల ఉంటే, మగపిల్లలకు మాట ఆలస్యమేలెమ్మని కాలం గడపకండి. అంతవరకూ బాగా ఆడుకునే పిల్లవాడు ఉన్నట్టుండి ఆట మానేసినా అంతే. మీ ఊరి అంగన్‌వాడీలోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో చెప్పండి. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ళ వరకూ పిల్లల్ని ఉచితంగా పరీక్షించి పైఆస్పత్రికి పంపే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. మనసుకు సంబంధించిన బాధ అనిపిస్తే 14416కి ఫోను చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ గాజుముక్కల కుర్రవాడికి ఇప్పుడు ముప్పై మూడేళ్ళు. చిన్నప్పుడు రైలు డ్రైవరు అవుతానని అనేవాడు. గోదావరి దాటి అమలాపురానికి రైలు రాలేదు గాని, రైలు డ్రైవర్లు కావాలనుకునే కుర్రాళ్ళకు ఇక్కడ కొదవ లేదు. ఎరుపూ పచ్చా సిగ్నళ్ళు చూడవలసిన ఆ ఉద్యోగం తనకు రాదని ముందే తెలియడం వల్ల, పరీక్షలు రాసి చివర్లో మెడికల్‌లో పోయే బాధ తప్పింది. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేస్తున్నాడు. వీధిలో పిల్లలకు వాళ్ళమ్మ ఆనాడే ఇల్లిల్లూ తిరిగి సంగతి చెప్పిందిట. మర్నాటి నుంచి వాడికి పావులుగా గవ్వముక్కలు ఇచ్చి, తక్కినవాళ్ళు గాజుముక్కలు తీసుకున్నారట.

మొన్న శ్రావణమాసంలో చెల్లెల్నీ, ఆవిడ అయిదేళ్ళ కొడుకునీ వెంటబెట్టుకుని వచ్చాడు. "వీడు కూడా పావులు మార్చేస్తున్నాడండి డాక్టరుగారూ, నాలాగే అయ్యుంటుందండి. మీరోసారి ఆడి చూడండి" అన్నాడు. సొరుగులోంచి గవ్వలూ గాజుముక్కలూ తీశాను. ఎర్రవి ఇటు, పచ్చవి అటు పెట్టమన్నాను. పెట్టేశాడు. పుస్తకం విప్పాను. అంకె కనిపించే చోట అంకె మీద, గీత ఉన్నచోట గీత మీద తడుముకోకుండా వేలు పెట్టి దిద్దాడు. రంగులన్నీ చక్కగా కనిపిస్తున్నాయి. తర్వాత ఇద్దరం ఆటకు కూర్చున్నాం. నర్సమ్మగారు చీటీ తెచ్చిందని నేను ఇలా తల తిప్పి అలా చూసేసరికి, నా ఎర్రముక్క ఒకటి గడిలోంచి మాయమై వాడి మోకాలి కింద ఉంది.

"ఇది నిజంగా తొండేనమ్మా" అన్నాను ఆ తల్లితో. "అయిదేళ్ళకు అది మామూలే." వాళ్ళ మావయ్య కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.